లాడ్జిలో రెండో కుర్చీ: ఉపాధికారి అసలు పనేమిటి?

ఫ్రీమేసన్లనే సోదర సంఘం శాఖను లాడ్జి అంటారు. అలాంటి ఒక లాడ్జి సమావేశానికి సభ్యులంతా వచ్చారు. లాడ్జి అధ్యక్షుడు, అంటే మాస్టర్, మాత్రం రాలేదు. ఒంట్లో బాగాలేదనో, ఊళ్లో లేరనో కబురొచ్చింది. ఇప్పుడు సభ నడిపేది ఎవరు?

"ఇంకెవరు, ఆయన తర్వాతి మనిషి" అనేస్తాం. ఆ తర్వాతి మనిషే సీనియర్ వార్డెన్. అయితే సంగతి అంత తేలిగ్గా తెగదు. అమెరికాలో సాధారణంగా సీనియర్ వార్డెనే సభ నడుపుతారు. పాత మాస్టర్లు ఎంతమంది ఎదురుగా కూర్చుని ఉన్నా, ఆయన పిలిస్తే తప్ప వాళ్లకు ఆ కుర్చీ మీద హక్కు లేదు. ఇంగ్లండ్‌లో ఇందుకు తలకిందులు. అక్కడ మొదటి హక్కు ఇటీవలే మాస్టర్ పదవి దిగినవారిది, ఆయన లేకపోతే మిగతా పాత మాస్టర్లలో సీనియర్‌ది. పాత మాస్టర్లు ఒక్కరూ లేనప్పుడే వార్డెన్ వంతు వస్తుంది. అప్పుడు కూడా ఆయన మాస్టర్ కుర్చీలో కూర్చోకూడదు, కొత్తవారికి దీక్ష ఇవ్వకూడదు. ఇక జేమ్స్ ఆండర్సన్ కూర్చగా 1723లో లండన్‌లో అచ్చయిన తొలి నియమావళి ఈ రెంటికీ మధ్య దారి పట్టింది. మాస్టర్ అధికారం అక్కడున్న చివరి పాత మాస్టర్‌కు తిరిగి వెళ్తుందని చెబుతూనే ఒక మెలిక పెట్టింది. సీనియర్ వార్డెన్ ముందు సభను కూర్చాలి, ఆయన లేకపోతే మూడో స్థానంలో ఉండే జూనియర్ వార్డెన్ కూర్చాలి. అప్పటిదాకా పాత మాస్టర్ చేతిలో ఏమీ ఉండదు.

ఈ మెలికను నేను తేలిగ్గా తీసుకోలేను. ఉపాధికారి పదవి మొత్తానికి తాళం చెవి అక్కడే ఉంది. సభను నడిపే హక్కు ఒకటి, సభను పిలిచే హక్కు ఇంకొకటి. నడపడానికి అనుభవం కావాలి కాబట్టి అది పాత మాస్టర్‌కు ఇచ్చారు. పిలవడానికి మాత్రం ప్రస్తుతం పదవిలో ఉన్న మనిషే కావాలి. పాత మాస్టర్‌కు గౌరవం ఉంది కానీ పదవి లేదు. వార్డెన్‌కు పదవి ఉంది. ఇంగ్లండ్ నియమాల్లో కూడా ఈ తేడా ఇప్పటికీ నిలిచే ఉంది: మాస్టర్ చనిపోతే మళ్లీ కొత్త మాస్టర్ ప్రమాణ స్వీకారం అయ్యేదాకా లాడ్జిని సమావేశాలకు పిలిచే బాధ్యత సీనియర్ వార్డెన్‌దే.

 ఫ్రీమేసన్లు, ఆడ్ ఫెలోస్, ఎల్క్స్, నైట్స్ ఆఫ్ కొలంబస్ లాంటి సోదర సంఘాలన్నిటిలోనూ అధ్యక్షుడి పక్కన ఒక రెండో మనిషి ఉంటారు. ఫ్రీమేసన్లలో సీనియర్ వార్డెన్. ఆడ్ ఫెలోస్‌లో అధ్యక్షుడు నోబుల్ గ్రాండ్ అయితే రెండోవారు వైస్ గ్రాండ్. ఎల్క్స్‌లో ఎగ్జాల్టెడ్ రూలర్ తర్వాత ఎస్టీమ్డ్ లీడింగ్ నైట్. నైట్స్ ఆఫ్ కొలంబస్ తమ శాఖను కౌన్సిల్ అంటారు, అక్కడ డిప్యూటీ గ్రాండ్ నైట్. శాఖలన్నిటి మీదా ఉండే గ్రాండ్ లాడ్జికి అధిపతి గ్రాండ్ మాస్టర్, ఆయన కింద డిప్యూటీ గ్రాండ్ మాస్టర్ అని ఇంకొకరు. జిల్లాకొకరు చొప్పున డిస్ట్రిక్ట్ డిప్యూటీ గ్రాండ్ మాస్టర్లు మళ్లీ వేరు. పేర్లన్నీ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి పనులు కూడా ఒకటే అనుకుంటాం. గందరగోళమంతా అక్కడే పుడుతుంది.

దీన్ని విడదీయడానికి ఒక్క ప్రశ్న చాలు. ఈ రెండో మనిషికి అధికారం ఎవరి దగ్గర్నుంచి వచ్చింది? అధ్యక్షుడు ఇచ్చాడా, లేక సంఘం ఇచ్చిందా? జవాబు దొరికిందంటే ఆయన ఏం చేయగలరు, ఏం చేయలేరు, అధ్యక్షుడు పోతే ఆయన సంగతేమిటి అన్నవన్నీ వాటంతటవే తేలిపోతాయి.

సంఘమే ప్రాణాల మీదికి తెచ్చుకున్నంత పని చేసి ఈ ప్రశ్నను ఎదుర్కొన్న సందర్భాలు రెండున్నాయి.

మొదటిది 1723 జూన్ 24, లండన్‌లోని మర్చంట్ టైలర్స్ హాల్. గ్రాండ్ లాడ్జి మినిట్స్ పుస్తకం ఆ రోజు సమావేశంతోనే మొదలవుతుంది. కొత్త గ్రాండ్ మాస్టర్‌గా ఎర్ల్ ఆఫ్ డాల్కీత్ పేరు ఖాయమైంది, మనిషి మాత్రం అక్కడ లేరు. తన డిప్యూటీగా జాన్ థియోఫిలస్ డెసాగులియర్స్‌ను పెట్టుకుంటానని తెలియజేశారు. డెసాగులియర్స్ మామూలు వ్యక్తి కాదు. రాయల్ సొసైటీ సభ్యుడు, న్యూటన్ సిద్ధాంతాలను ప్రయోగాలతో జనానికి చూపించిన ఉపన్యాసకుడు, 1719లో స్వయంగా గ్రాండ్ మాస్టర్‌గా చేసినవారు. అయినా దిగిపోతున్న గ్రాండ్ మాస్టర్ డ్యూక్ ఆఫ్ వార్టన్ ఒప్పుకోలేదు. డిప్యూటీ ఎవరన్నది సభ తేల్చాలని పట్టుబట్టారు. ఓటు పెట్టారు. డెసాగులియర్స్‌కు అనుకూలంగా 43, వ్యతిరేకంగా 42. లెక్కింపు మీద కూడా వార్టన్ వాదనకు దిగారు, ఆఖరికి మర్యాదలేవీ పాటించకుండా సభ నుంచి వెళ్లిపోయారు.

ఒక్క ఓటు! సంఘాధిపతి ఎన్నిక మీద కాదు, డిప్యూటీ మీద సభ రెండుగా చీలింది. దాన్ని కేవలం ఇద్దరు పెద్దమనుషుల పంతంగా చూడటం నాకు సరిగా అనిపించదు. రెండు వాదనల్లోనూ పస ఉంది. తాను రోజూ నమ్మి పని చేయించుకోవాల్సిన మనిషిని గ్రాండ్ మాస్టరే ఎంచుకోవాలన్నది ఒక వాదన. గ్రాండ్ మాస్టర్ లేనప్పుడు మా మీద అధికారం చలాయించేవారిని మేమే ఒప్పుకోవాలన్నది రెండోది. ఆ సంవత్సరమే అచ్చయిన నియమావళి ఒక రాజీ దారి చూపింది. డిప్యూటీకి జబ్బు చేస్తే, లేదా రాలేకపోతే, ఆ పూటకు గ్రాండ్ మాస్టర్ తనకు నచ్చినవారిని పెట్టుకోవచ్చు. కానీ ఒకసారి గ్రాండ్ లాడ్జిలో డిప్యూటీగా ఖాయమైనవారిని తీసేయాలంటే, కారణం సభలో ఎక్కువమందికి సబబుగా కనిపించి తీరాలి. ఆయనతో పడకపోతే గ్రాండ్ మాస్టర్ సభను ప్రత్యేకంగా పిలిచి తన ఇబ్బంది చెప్పుకోవాలే తప్ప సొంతంగా సాగనంపడానికి వీల్లేదు. అంటే పెట్టుకునే దగ్గర అధ్యక్షుడి మాట, తీసేసే దగ్గర సంఘం మాట.

రెండో సందర్భం ఇంకా తీవ్రమైనది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదట్లో, 1775 జూన్ 17న బంకర్ హిల్ పోరులో డాక్టర్ జోసెఫ్ వారెన్ చనిపోయారు. ఆయన స్కాట్లండ్ గ్రాండ్ లాడ్జి నియమించిన గ్రాండ్ మాస్టర్. బోస్టన్‌లో ఆయన కింద ఉన్న లాడ్జిలకు ఒక్కసారిగా తల లేకుండా పోయింది. మరి డిప్యూటీ ఉన్నారు కదా? ఉన్నారు, కానీ ఆయనను నియమించింది వారెన్. వారెన్‌కు అధికారం స్కాట్లండ్ ఇచ్చిన పత్రం నుంచి వచ్చింది. ఆ పత్రం వారెన్‌తోనే పోయింది, దానితో పాటే ఆయన నియమించిన డిప్యూటీ పదవీ పోయింది. ఇది నా వ్యాఖ్యానం కాదు, కొన్నేళ్ల తర్వాత 1782లో ఆ సంఘంవాళ్లు తమ చరిత్రను సమర్థించుకుంటూ రాసుకున్న తర్కం ఇదే. 1777లో వాళ్లంతా కూర్చుని జోసెఫ్ వెబ్‌ను గ్రాండ్ మాస్టర్‌గా ఎన్నుకున్నారు. అమెరికాలో సొంత కాళ్ల మీద నిలబడ్డ తొలి గ్రాండ్ లాడ్జిల చరిత్రలో అదొక ముఖ్యమైన మలుపు. ఒక డిప్యూటీ పదవి చెల్లుతుందా లేదా అన్న సాంకేతిక ప్రశ్న నుంచి వాళ్లు అంత దూరం వెళ్లాల్సి వచ్చింది.

లాడ్జి స్థాయిలో వార్డెన్ పరిస్థితి ఇలా ఉండదు. మాస్టర్ చనిపోయినా వార్డెన్ పదవికి ఏమీ కాదు, ఎందుకంటే ఆ పదవికి లాడ్జి చార్టర్‌లోనే, అంటే దాన్ని స్థాపించే అనుమతి పత్రంలోనే, పునాది ఉంది. కొత్త లాడ్జికి ఇచ్చే ఆ పత్రంలో (దీన్ని వారంట్ అనీ అంటారు) మాస్టర్ పేరుతో పాటు ఇద్దరు వార్డెన్ల పేర్లూ రాస్తారు. "ముగ్గురు లాడ్జిని పాలిస్తారు" అని ఫ్రీమేసన్ల పాత మాట, ఆ ముగ్గురు మాస్టర్, ఇద్దరు వార్డెన్లు. అమెరికాలో ఆ ఇద్దరినీ సభ్యులే ఓటేసి ఎన్నుకుంటారు. ఇంగ్లండ్‌లో మాస్టర్‌ను, ట్రెజరర్‌ను ఎన్నుకుంటారు, వార్డెన్లను మాత్రం మాస్టర్ నియమిస్తారు. ఎలా వచ్చినా ఒకసారి కుర్చీలో కూర్చున్నాక మాస్టర్ తన కోపంతో వాళ్లను దించేయలేరు. పైగా గ్రాండ్ లాడ్జి సమావేశాల్లో తమ లాడ్జి తరఫున మాస్టర్‌తో పాటు కూర్చుని ఓటేసే హక్కు కూడా వార్డెన్లకు ఉంటుంది. ఇంత స్వతంత్రత ఉన్న మనిషిని 'సహాయకుడు' అని పిలవడం నాకు నచ్చదు.

మాస్టర్ ఎదురుగా ఉన్నప్పుడు

ఉపాధికారి గురించి రాసేవాళ్లు ఎక్కువగా మాస్టర్ లేనప్పుడు ఏం చేయాలన్న దాని మీదే ఆగిపోతారు. నిజానికి మాస్టర్ లేని సమావేశాలు అరుదు. మిగతా అన్ని సమావేశాల్లోనూ ఆ రెండో కుర్చీలో మనిషి కూర్చునే ఉంటారు. ఆ సాయంత్రాలన్నీ ఆయన చేసేదేమిటి?

ముందు ఎక్కడ కూర్చుంటారో చూడాలి. మాస్టర్ తూర్పున, సీనియర్ వార్డెన్ పడమర, జూనియర్ వార్డెన్ దక్షిణాన. అంటే రెండోవారు అధ్యక్షుడి పక్కన కూర్చోరు, సరిగ్గా ఎదురుగా కూర్చుంటారు. ఆడ్ ఫెలోస్‌లోనూ అంతే, హాలుకు ఒక చివర నోబుల్ గ్రాండ్, రెండో చివర వైస్ గ్రాండ్. ఈ అమరికలో నాకు చాలా తెలివి కనిపిస్తుంది. పక్కన కూర్చున్నవారికి అధ్యక్షుడికి కనిపించేదే కనిపిస్తుంది. ఎదురుగా కూర్చున్నవారికి అధ్యక్షుడి వెనక ఉన్నది కూడా కనిపిస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా అధ్యక్షుడే కనిపిస్తారు.

మెడలో వేసుకునే గుర్తులు కూడా కట్టడం పనివాళ్ల సామాను నుంచి వచ్చినవే. మాస్టర్‌ది మూలమట్టం. సీనియర్ వార్డెన్‌ది లెవెల్, అంటే మట్టం చూసే పనిముట్టు. జూనియర్ వార్డెన్‌ది గోడ నిటారుగా లేచిందో లేదో చూసే గుండు దారం. లెవెల్ సమానత్వానికి గుర్తు అని ఫ్రీమేసన్లు చెప్పుకుంటారు. బయట ఎంత పెద్ద హోదా ఉన్నా లాడ్జిలో అందరూ ఒకే మట్టం మీద నిలబడాలని, అది చూసుకోవాల్సింది సీనియర్ వార్డెన్ అని.

వార్డెన్లిద్దరి ముందూ బల్ల మీద చెరొక చిన్న స్తంభం ఉంటుంది, ఒక అడుగో రెండడుగులో ఎత్తు. లాడ్జి పని మొదలవగానే సీనియర్ వార్డెన్ తన స్తంభాన్ని నిలబెడతారు, జూనియర్ వార్డెన్ తనది పడుకోబెడతారు. పనికి విరామం ఇచ్చి అందరూ తిండీ కబుర్లలోకి వెళ్లినప్పుడు ఇది తారుమారవుతుంది: పడమటి స్తంభం కిందికి, దక్షిణపు స్తంభం పైకి. ఆలస్యంగా లోపలికి వచ్చినవారు ఎవరినీ అడగక్కర్లేదు. ఏ స్తంభం నిలబడి ఉందో చూస్తే చాలు, ఇప్పుడు పని నడుస్తోందా, విరామమా, ఎవరి పర్యవేక్షణలో ఉన్నామా అన్నది తెలిసిపోతుంది. విరామ సమయంలో బాధ్యత జూనియర్ వార్డెన్‌ది. విందు శ్రుతిమించకుండా, తాగుడు హద్దు దాటకుండా చూడటం ఆయనకు అప్పగించిన పని. పని వేళ ఒకరు, విశ్రాంతి వేళ ఒకరు అని ఇద్దరు ఉపాధికారుల మధ్య పంచిన ఈ తీరు నేను చూసిన ఏ కంపెనీ నిర్వహణ పట్టికలోనూ లేదు.

లాడ్జిని తెరిచేది మాస్టర్. మూసేది? ఇంగ్లండ్‌లో బాగా వాడుకలో ఉన్న పద్ధతిలో మాస్టర్ ఆజ్ఞ ఇస్తారు, మూస్తున్నట్టు ప్రకటించేది సీనియర్ వార్డెన్. ఎందుకంటే సూర్యుడు పడమట అస్తమిస్తాడు, పడమటి మనిషి రోజు పని ముగించి, పనివాళ్లకు కూలి ఇచ్చి, ఎవరికి రావలసింది వారికి అందిందని చూసుకుని పంపించాలి. ఇప్పుడు అక్కడ కూలి ఇవ్వడమేమీ లేదు, అంతా ప్రతీకే. కానీ ఆ ప్రతీక వెనకున్న బాధ్యత మాత్రం నూటికి నూరుపాళ్లు నిజమైనది: ఎవరూ మనసులో మంట పెట్టుకుని ఇంటికి పోకూడదు.

ఇదే ఉపాధికారి పనుల్లో అన్నిటికంటే బరువైనదని నా నమ్మకం. సభలో ఒకరి ప్రతిపాదన వీగిపోయింది. ఆయన ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. మాస్టర్ తర్వాతి అంశంలోకి వెళ్లిపోయారు, వెళ్లాలి కూడా, ఆయన చేతిలో అజెండా ఉంది. ఆ మౌనం కోపమా, అలసటా, వచ్చే నెల నుంచి రాకుండా ఉండిపోవడానికి మొదటి అడుగా అని గమనించాల్సింది ఎదురు కుర్చీలో ఉన్న మనిషి. గమనించి, సభ ముగిశాక తలుపు దగ్గర ఆయన భుజం మీద చేయి వేసి రెండు మాటలు మాట్లాడాల్సిందీ ఆయనే. ఇలాంటిది ఏ నియమావళిలోనూ ఒక క్లాజుగా ఉండదు. "కూలి చెల్లించి పంపాలి" అన్న ఒక్క మాటలో ఇమిడి ఉంది.

నైట్స్ ఆఫ్ కొలంబస్ ఈ పనిని కాగితం మీదికి కూడా ఎక్కించారు. 1882లో మొదలైన ఆ సంఘంలో, చందా కట్టకుండా దూరమవుతున్న సభ్యులను పేరు కొట్టేసే ముందు కలిసి మాట్లాడటానికి ఒక కమిటీ ఉంటుంది. డిప్యూటీ గ్రాండ్ నైట్ అందులో ముఖ్యుడు. చందా కట్టలేదంటే అన్నిసార్లూ ఇష్టం లేకే కాదు. ఉద్యోగం పోయి ఉండవచ్చు, ఇంట్లో ఎవరికో జబ్బు చేసి ఉండవచ్చు. సెక్రటరీ పంపే నోటీసుకు దొరకని జవాబు మనిషి వెళ్లి పలకరిస్తే దొరుకుతుంది.

ఓటింగ్‌లో కూడా వార్డెన్లకు ఒక కచ్చితమైన పాత్ర ఉంది. కొత్త సభ్యుణ్ని చేర్చుకోవాలా వద్దా అన్నది రహస్య ఓటుతో తేలుస్తారు, తెల్ల గోళీ అయితే సరే, నల్లది అయితే వద్దు. అమెరికా లాడ్జిల్లో ఓటు మొదలయ్యే ముందు పెట్టెను ముందుగా దక్షిణానికి, తర్వాత పడమటికి, చివరికి తూర్పుకు తీసుకెళ్లి ఖాళీగా ఉందని చూపిస్తారు. ఓట్లు పడ్డాక మళ్లీ అదే దారి. అప్పుడు మాస్టర్ అడుగుతారు: దక్షిణంలో బ్యాలట్ ఎలా ఉంది? పడమట ఎలా ఉంది? ఇద్దరూ తాము చూసింది పైకి చెప్పాకే మాస్టర్ ఫలితం ప్రకటిస్తారు. ఒక మనిషి చూసి చెప్పిన ఫలితం అతని మాట మాత్రమే. మూడు దిక్కుల నుంచి ముగ్గురు చూసి చెప్పింది సభ మాట అవుతుంది. మాస్టర్‌కు ఎవరి మీదైనా పక్షపాతం ఉన్నా ఇక్కడ దాచుకోవడం కుదరదు.

ఆడ్ ఫెలోస్ వైస్ గ్రాండ్ పనుల్లో ఇంకో రంగు కనిపిస్తుంది. అమెరికాలో ఈ సంఘం 1819 ఏప్రిల్ 26న బాల్టిమోర్‌లో థామస్ వైల్డీ చేతుల మీదుగా మొదలైంది. రోగులను పరామర్శించడం, కష్టాల్లో ఉన్నవారిని ఆదుకోవడం, చనిపోయినవారికి అంత్యక్రియలు జరిపించడం, అనాథలను చదివించడం వాళ్లు ఆదేశంగా పెట్టుకున్న నాలుగు పనులు. వైస్ గ్రాండ్ సభ క్రమం తప్పకుండా నోబుల్ గ్రాండ్‌కు తోడుంటారు, లోపలి తలుపు బాధ్యత ప్రత్యేకంగా ఆయనదే. తనకు కుడి ఎడమల కూర్చునే ఇద్దరు సపోర్టర్లను ఆయనే ఎంచుకుంటారు, నోబుల్ గ్రాండ్ ఎంచి ఇవ్వరు. ప్రభుత్వ బీమా ఏదీ లేని 19వ శతాబ్దంలో జబ్బుపడ్డ సభ్యుడికి లాడ్జి వారం వారం కొంత సొమ్ము ఇచ్చేది. ఆ మనిషిని ఇంటికి వెళ్లి చూసి రావడానికి కమిటీలుండేవి, చాలా లాడ్జిల్లో నోబుల్ గ్రాండ్‌తో పాటు వైస్ గ్రాండ్ కూడా అందులో ఉండేవారు. అది ఒకేసారి రెండు పనులు: రోగికి ధైర్యం చెప్పడం, జబ్బు నిజమేనని తేల్చుకోవడం. మంచం పక్కన కూర్చుని ఈ రెండూ చేయడం ఎంత కష్టమో ఊహించండి. అనుమానం కళ్లలో కనిపిస్తే పరామర్శ అవమానమవుతుంది. అసలు చూడకపోతే అందరి డబ్బూ కరిగిపోతుంది. ఇలాంటి పనిని కొత్తవాళ్లకు వదలకుండా పై ఇద్దరికే అప్పగించడం సరైన నిర్ణయం.

ఈ సంఘంలోనే ఒక చిన్న విశేషం చెప్పాలి. ఆడ్ ఫెలోస్ స్త్రీలను తమ ఆచారాల్లోకి తెచ్చిన రెబెకా డిగ్రీ అనే దీక్షను 1851లో సంఘం ఆమోదించింది, దాన్ని రాసింది షూలర్ కోల్‌ఫాక్స్. ఆయనే 1869 నుంచి 1873 దాకా అమెరికా ఉపాధ్యక్షుడు. రెబెకా లాడ్జిల్లో కూడా నోబుల్ గ్రాండ్, వైస్ గ్రాండ్ పదవులున్నాయి, వాటిని స్త్రీలు నిర్వహిస్తూ వచ్చారు.

పై స్థాయి డిప్యూటీలు

డిప్యూటీ గ్రాండ్ మాస్టర్ సంగతి వేరు. 1723 నియమావళి ఆయనను గ్రాండ్ మాస్టర్ గుమ్మంలో నిలబెట్టింది. ఎవరికే పని ఉన్నా ముందు డిప్యూటీకి చెప్పాలి. ఆయనకు తెలియకుండా నేరుగా గ్రాండ్ మాస్టర్ దగ్గరికి పోకూడదు. పోతే గ్రాండ్ మాస్టర్ వాళ్లను వెనక్కి పంపి డిప్యూటీని కలవమనవచ్చు. డిప్యూటీ ఆ వ్యవహారాన్ని ఆలస్యం చేయకుండా సిద్ధం చేసి, క్రమపద్ధతిలో పైన పెట్టాలి. మరి డిప్యూటీయే అడ్డుపడితే? దానికీ దారి ఉంది. అవసరమైన పనికి ఆయన ఒప్పుకోకపోతే, లేదా ఆయనకూ మిగతా అధికారులకూ అభిప్రాయభేదం వస్తే, రెండు పక్షాలూ కలిసి గ్రాండ్ మాస్టర్ ముందుకు వెళ్లాలి. 'కలిసి' అన్నదే ఇందులో బంగారంలాంటి మాట. ఒకరి వెనక ఒకరు వెళ్లి చెవిలో చెప్పుకోవడానికి వీల్లేకుండా చేసింది.

ఆనాటి గ్రాండ్ మాస్టర్లు ఎక్కువమంది ప్రభువులు. వాళ్ల పేరు సంఘానికి అండ, పని మాత్రం డిప్యూటీ మీద పడేది. 1723 నియమావళి ముందు పేజీల్లో డ్యూక్ ఆఫ్ మాంటేగ్యూకు రాసిన అంకితం కింద సంతకం డిప్యూటీ గ్రాండ్ మాస్టర్ డెసాగులియర్స్‌దే. ఈ గ్రాండ్ లాడ్జికి పోటీగా లేచిన 'ఏన్షెంట్స్' గ్రాండ్ లాడ్జిలో లారెన్స్ డెర్మాట్ ఇంకా గట్టి ఉదాహరణ. ఐర్లండ్ నుంచి వచ్చి లండన్‌లో రంగులు వేసే పని చేసుకున్న మనిషి. 1752 నుంచి దాదాపు 20 ఏళ్లు గ్రాండ్ సెక్రటరీగా చేసి, 1771లో డిప్యూటీ గ్రాండ్ మాస్టర్ అయ్యారు. పైన గ్రాండ్ మాస్టర్ స్థానంలో డ్యూక్ ఆఫ్ అథోల్ ఉన్నా, సంఘాన్ని నిలబెట్టి నడిపించింది డెర్మాటే. ఇలాంటి పదవిలో ఉన్నవారికి ఒక పెద్ద ప్రమాదం పొంచి ఉంటుంది. గుమ్మంలో నిలబడ్డ మనిషి కొన్నాళ్లకు ఇల్లే తనదనుకోవచ్చు. 'అందరూ నా ద్వారానే రావాలి' అన్న నియమం సంఘం సౌకర్యం కోసం పుట్టింది, డిప్యూటీ గొప్ప కోసం కాదు.

డిస్ట్రిక్ట్ డిప్యూటీ గురించి పొడుగ్గా చెప్పాల్సింది లేదు. ఆయన గ్రాండ్ మాస్టర్ తరఫున జిల్లాలోని లాడ్జిలకు వెళ్తారు, పుస్తకాలు చూస్తారు, ఆచారాలు సరిగా జరుగుతున్నాయో లేదో గమనిస్తారు, పైకి నివేదిక పంపుతారు. ఆడ్ ఫెలోస్‌లో కొత్త అధికారుల చేత ప్రమాణం చేయించి పదవుల్లో కూర్చోబెట్టేదీ సాధారణంగా ఆయనే. అధికారమంతా అరువు తెచ్చుకున్నది, తనదంటూ లేదు. గ్రాండ్ మాస్టర్ పోతే ఆ కుర్చీకి ఆయన వారసుడు కాడు. పేరులో 'డిప్యూటీ గ్రాండ్ మాస్టర్' అన్న మాటలుండటం వల్ల చాలామంది పొరబడతారు.

తర్వాతి మెట్టు

రెండోవారు తర్వాత మొదటివారు అయి తీరాలా? అర్హత వరకు అవును. ఇంగ్లండ్‌లో మాస్టర్ కావాలంటే మామూలుగా ముందు ఒక పూర్తి సంవత్సరం వార్డెన్‌గా చేసి ఉండాలి. అమెరికాలోనూ వార్డెన్ పదవి దాటకుండా మాస్టర్ కావడం అరుదు. ఆడ్ ఫెలోస్‌లో నోబుల్ గ్రాండ్‌కు ముందు మెట్టు వైస్ గ్రాండ్. కానీ అర్హత వేరు, హక్కు వేరు. వార్డెన్‌గా చేయనివారు మాస్టర్ కాకూడదన్న 1723 నియమావళే, పదోన్నతి నిజమైన యోగ్యత మీద ఆధారపడాలి తప్ప సీనియారిటీ మీద కాదని కూడా తేల్చి చెప్పింది. చాలా లాడ్జిలు రెండో భాగాన్ని మరిచిపోయి, చిన్న పదవిలో చేరినవారిని ఏటా ఒక మెట్టు పైకి జరుపుకుంటూ పోతాయి. ఎవరికీ నొప్పి కలగదు, ఎన్నికల్లో టెన్షన్ ఉండదు, నిజమే. కానీ దాని వల్ల రెండో కుర్చీలో ఉన్నవారు దాన్ని ఒక ఏడాది వెయిటింగ్ రూమ్‌గా చూడటం మొదలుపెడతారు. వచ్చే ఏడాది తాను చేయబోయే పనుల ప్లాన్లు వేసుకుంటూ ఈ ఏడాది తన ముందున్న మనుషులను చూడరు. సీనియర్ వార్డెన్‌ను సభ్యులు మాస్టర్‌గా ఎన్నుకోకపోతే అది అవమానం కాదని, సంఘం తన హక్కును వాడుకుందని ఒప్పుకునే లాడ్జిలంటే నాకు గౌరవం.

ఖాళీలు నింపే దగ్గర ఇంకో పొరపాటు కూడా తరచుగా జరుగుతుంది. సీనియర్ వార్డెన్ రాలేదు కాబట్టి జూనియర్ వార్డెన్ ఒక మెట్టు జరిగి పడమట కూర్చుంటారని అనుకుంటారు. కాదు. అమెరికాలో బాగా స్థిరపడిన సూత్రం ప్రకారం జూనియర్ వార్డెన్ పదవి దక్షిణానికి కట్టుబడినది. పడమటి ఖాళీని ఆ పూటకు మాస్టర్ వేరే ఎవరితోనైనా నింపుతారు. ఇద్దరి పనులూ వేరు, ఒకరి పని ఇంకొకరి పనికి ట్రైనింగ్ మాత్రమే కాదు. అయితే మాస్టర్, సీనియర్ వార్డెన్ ఇద్దరూ లేనప్పుడు లాడ్జిని తెరిచే అధికారం మాత్రం జూనియర్ వార్డెన్‌దే. ముగ్గురిలో ఒక్కరూ లేకపోతే, గ్రాండ్ మాస్టరో ఆయన పంపినవారో వస్తే తప్ప అక్కడ లాడ్జి తెరుచుకోదు.

ఇక మాస్టర్ ఏడాది మధ్యలో చనిపోతే? అమెరికాలోని చాలాచోట్ల వచ్చే ఎన్నికల దాకా ఆ పదవి ఖాళీగానే ఉంచుతారు. సీనియర్ వార్డెన్ తూర్పున కూర్చుని సభలు నడుపుతారు, సంతకాలు పెడతారు, అంత్యక్రియలకు ముందు నడుస్తారు, మిగిలిన నెలల బరువంతా మోస్తారు. అయినా ఆయన మాస్టర్ కారు, మాస్టర్ పని చేస్తున్న సీనియర్ వార్డెనే. ఆ ఏడాది ముగిశాక పాస్ట్ మాస్టర్ (పాత మాస్టర్) అన్న గౌరవం కూడా దానంతటదే రాదు. దాని కోసం ఆయన మామూలుగా ఎన్నికై, ఆ కుర్చీలో విధిగా ప్రమాణం చేసి కూర్చోవాలి.